యంత్రం గీసిన చిత్రం - అమ్మకందారుని బాధ్యత

ఆ మధ్య ఒకరోజు అసర్ నమాజు ముగిశాక, మా మసీదుకు క్రమం తప్పకుండా వచ్చే ఒక యువకుడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. హైదరాబాద్‌లో డిజైనింగ్ పని చేసుకుంటూ కుటుంబాన్ని పోషించుకుంటున్నాడు. పెళ్లి పత్రికలు, దుకాణాల బోర్డులు, పుస్తకాల ముఖచిత్రాలు, పిల్లల పుస్తకాలకు బొమ్మలు - ఇదీ అతని వృత్తి.

"మౌలానా! ఒక మసలా అడగాలి" అన్నాడు.

సంగతేమిటంటే, ఒక ప్రచురణకర్త అతనికి పిల్లల కథల పుస్తకానికి 24 బొమ్మలు గీసే పని అప్పగించాడు. అంతకుముందు ఇతను అదే ప్రచురణకర్తకు వాటర్ కలర్‌తో, తన చేత్తో, రెండు నెలలు కూర్చుని ఒక పుస్తకానికి బొమ్మలు వేసి ఇచ్చాడు. అవి ఆయనకు నచ్చాయి. అందుకే బొమ్మకు పాత ధరే ఖాయం చేసి కొత్త పుస్తకం కూడా ఇతనికే ఇచ్చాడు. ఈసారి ఇతను రంగులు కలపలేదు. కృత్రిమ మేధతో బొమ్మలు తయారుచేసే యంత్రానికి తనకేం కావాలో మాటల్లో రాసిచ్చాడు. వచ్చిన వాటిలో మంచివి ఏరుకున్నాడు, అక్కడక్కడా సరిదిద్దాడు. మూడు రాత్రుల్లో పని అయిపోయింది. ముఖచిత్రం ఒక్కటి మాత్రం చేత్తో వేశాడు. ప్రచురణకర్త అన్నీ చూసి మురిసిపోయి, "నీ చేతిలో అల్లాహ్ బర్కత్ పెట్టాడు బేటా!" అని మెచ్చుకుని పూర్తి డబ్బు ఇచ్చాడు.

"ప్రాణమున్నది ఒక్కటి కూడా పెట్టలేదు మౌలానా! ఖర్జూర చెట్లు, కొండలు, పడవలు, మసీదులు, వాన మబ్బులు... అంతే. నేను అబద్ధమూ ఆడలేదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. కానీ ఆయన 'నీ చేతిలో' అన్నప్పటి నుంచీ మనసు ఒప్పుకోవడం లేదు. ఈ డబ్బు నాకు హలాలేనా?"

పాఠక సోదరులారా! ఈ యువకుని జాగ్రత్తను ముందుగా మెచ్చుకోవాలి. బొమ్మల విషయం రాగానే మనలో ధార్మిక స్పృహ ఉన్నవారెవరైనా మొదట అడిగేది అతను అడిగిందే. బొమ్మలో ప్రాణి ఉందా, లేదా? ఒక వ్యక్తి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి) వద్దకు వచ్చి, తన జీవనోపాధి తన చేతిపనిలోనే ఉందనీ, తాను చిత్రాలు చేసి బతుకుతాననీ చెప్పుకున్న ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. చిత్రాలు చేసేవారి గురించి దైవప్రవక్త (స) చేసిన హెచ్చరికను ఆయన వినిపించగానే అతని ముఖం పాలిపోయింది. అప్పుడు ఆయన అతణ్ణి వట్టి చేతులతో పంపలేదు. ఆ పని మానుకోలేనట్లయితే చెట్లను, ప్రాణం లేని వస్తువులను చిత్రించుకోమని దారి చూపారు. ఫోటో విషయంలోనూ, కంప్యూటర్ తెరమీది బొమ్మ విషయంలోనూ ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. ఎవరు ఏ పండితుణ్ణి అనుసరిస్తారో ఆయన మాట ప్రకారం నడుచుకుంటారు. ఈ యువకుడు చెట్ల దగ్గరే ఆగిపోయాడు కనుక ఆ చర్చ ఇక్కడ అవసరం లేదు.

అయితే ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహి అలైహి) ఆ ఉదంతాన్ని ఏ అధ్యాయంలో పెట్టారో గమనించండి. క్రయవిక్రయాల అధ్యాయంలో పెట్టారు! అంటే బొమ్మను బొమ్మగానే కాక, అమ్మే సరుకుగా కూడా చూడాలన్నమాట. మన మిత్రుడు బొమ్మలో హరామ్ ఉందేమోనని వెతికాడు, కనిపించలేదు. దాన్ని బేరంలో వెతికి ఉండాల్సింది.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి, అందులో చెయ్యి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన పడిందని అమ్మేవాడు చెప్పాడు. మరి జనం చూసేలా ఆ తడి ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని దైవప్రవక్త (స) నిలదీశారు. మోసం చేసినవాడు మనవాడు కాడని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును మనం ఎన్నోసార్లు విన్నాం. కానీ ఒక విషయంపై ధ్యాస పెట్టం. ఆ వర్తకుడు నోటితో అబద్ధం ఆడినట్టు అందులో ఎక్కడా లేదు. అడగ్గానే నిజం చెప్పేశాడు. వాన అతను కురిపించింది కాదు. తడిసిన ధాన్యం అమ్మకూడదనీ ఎవరూ అనలేదు. తప్పంతా ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అన్న దాంట్లోనే ఉంది. 'ఆయన అడగలేదు, నేను చెప్పలేదు' అన్న సాకు ఆ వర్తకునికి కూడా ఉంది. అది చెల్లలేదు.

దీనికి మన మిత్రుడు ఒక అభ్యంతరం చెప్పాడు. అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. "మౌలానా! కెమెరా యంత్రమే, ఫోటోషాప్ యంత్రమే. ఏ కుంచె వాడానో, ఏ సాఫ్ట్‌వేర్ వాడానో ఏ కస్టమరుకూ చెప్పం. వాళ్లకు కావలసింది బొమ్మ. బొమ్మ ఇచ్చాను. ఇందులో దాచిందేముంది?"

మదరసాలో మేము చదువుకున్న 'హిదాయా' గ్రంథంలో ఈ ప్రశ్నకు పునాది దొరుకుతుంది. బేరాలు రెండు రకాలు. ఒక వస్తువు తయారు చేసి ఇమ్మని చెప్పి ఒప్పందం చేసుకోవడం ఒకటి. దాన్ని ఇస్తిస్నా అంటారు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం అక్కడ బేరం వస్తువు మీదే గాని చేతిపని మీద కాదు. పనివాడు వేరొకరు చేసింది తెచ్చి ఇచ్చినా, కొనేవాడు దానికి ఒప్పుకుని తీసుకుంటే బేరం చెల్లుతుంది. రెండోది ఒక మనిషి శ్రమను కూలికి తీసుకోవడం. అక్కడ 'నువ్వే స్వయంగా చెయ్యాలి' అని షరతు పెడితే, ఆ పని మరొకరి చేత చేయించకూడదు. షరతు లేకపోతే చేయించవచ్చు. ఉదాహరణకు దర్జీకి బట్ట ఇచ్చి కుట్టమన్నాం. అతను తన శిష్యుడి చేత కుట్టించి ఇస్తాడు. మనం ఏమీ అనుకోం. కానీ ఊళ్లో పేరున్న దర్జీ దగ్గరకు వెళ్లి, 'మీ చేత్తోనే కుట్టాలి' అని ఎక్కువ డబ్బిచ్చి వచ్చామనుకోండి. అప్పుడు శిష్యుడు ఎంత బాగా కుట్టినా మనకు ద్రోహం జరిగినట్లే.

కాబట్టి యంత్రం వాడొచ్చా అన్నది తర్వాతి మాట. డబ్బు చేతులు మారేటప్పుడు కొనేవాడు దేన్ని కొంటున్నానని అనుకుంటున్నాడు అన్నది ముందు తేలాలి. షరతు ఎల్లప్పుడూ కాగితం మీదే ఉండదు. వాడుక కూడా షరతే. మంచినీళ్ల సీసా కొనేవాడికి 'ఇది మిషన్ నింపింది' అని ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు కనుక. ఫోటోషాప్ సంగతీ అంతే. కొనేవారికి తెలుసు, ధర కూడా దాన్నిబట్టే ఉంటుంది. రేపు ఈ యంత్రాల విషయం కూడా అలాగే అందరికీ తెలిసిపోయి, బొమ్మ ధరలు దానికి తగ్గట్టు స్థిరపడితే, అప్పుడు చెప్పకపోవడం దాచడం కాకపోవచ్చు. ఇప్పుడు ఆ స్థితి లేదు. పైగా మన మిత్రుని విషయంలో పాత పుస్తకం ఉంది, రెండు నెలల చేతిపని ఉంది, దాన్ని చూసి ఖాయం చేసిన ధర ఉంది. ప్రచురణకర్త మనసులో ఏముందో ఇతనికి బాగా తెలుసు. 'నీ చేతిలో' అన్న మాట ఇతన్ని గుచ్చింది అందుకే. పాపమంటే మనసులో గుచ్చుకునేదీ, జనానికి తెలియడం మనకు ఇష్టం లేనిదీ అన్న భావంలో దైవప్రవక్త (స) బోధించారు. ప్రతి డిజైనరూ తనను తాను పరీక్షించుకోవడానికి ఇంతకన్నా మంచి కొలమానం నాకు తెలియదు. నేను ఈ బొమ్మను ఎలా తయారు చేశానో కొన్నవాడు నా భుజం మీదుగా చూస్తూ ఉంటే నాకు ఇబ్బందిగా ఉంటుందా?

ఇక చెప్పడమంటే ఏమిటో కూడా తెలుసుకోవాలి. 2022లో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర ప్రదర్శనలో జేసన్ అలెన్ అనే వ్యక్తి మిడ్‌జర్నీ అనే యంత్రంతో చేసిన చిత్రానికి డిజిటల్ విభాగంలో మొదటి బహుమతి, 300 డాలర్లు వచ్చాయి. పెద్ద గొడవ జరిగింది. ఆయన దాచలేదు; దరఖాస్తులో తన పేరు పక్కన మిడ్‌జర్నీ పేరు రాశాడు. కానీ మిడ్‌జర్నీ అంటే ఏమిటో న్యాయనిర్ణేతలకు తెలియదు! తెలిసినా బహుమతి ఇచ్చేవాళ్లమేనని వారు తర్వాత అన్నారు, అది వేరే సంగతి. బిల్లు చివర చిన్న అక్షరాలతో కొనేవాడికి అర్థంకాని పేరేదో రాసి 'నేను చెప్పాను కదా' అనేవారికి ఇందులో పాఠముంది. తడి ధాన్యాన్ని పైన పెట్టడమంటే చూసేవాడి కంటికి ఆనేలా పెట్టడం.

అదే అలెన్, తాను కనీసం 624 సార్లు మాటలు మార్చి మార్చి రాసి ఆ చిత్రాన్ని రాబట్టానని చెప్పాడు. అది శ్రమ కాదని నేననను. ఏరడం, సరిదిద్దడం, ఏది బాగుందో గుర్తించడం - వీటికి కూలి తీసుకోవడంలో తప్పులేదు. ఆ శ్రమను ఆ పేరుతోనే అమ్మాలి. లేని ఘనతను ఉన్నట్టు చూపించుకునేవాణ్ణి దైవప్రవక్త (స) రెండు అబద్ధపు వస్త్రాలు తొడుక్కున్నవాడితో పోల్చారు. తాము చేయని పనులకు పొగడ్తలు ఆశించేవారిని గురించి దివ్య ఖుర్ఆన్‌లోని ఆలి ఇమ్రాన్ సూరా తీవ్రంగా హెచ్చరిస్తోంది. 'నీ చేతిలో బర్కత్' అన్న పొగడ్తను మన మిత్రుడు అడగలేదు, నిజమే. కానీ అది తన వంటికి సరిపోని అంగీ అని తెలిసీ తొడుక్కుని ఇంటికి వెళ్లాడు.

కొనేవాడికి జరిగే నష్టం మర్యాదకు సంబంధించింది మాత్రమే కాదు. అలెన్ చిత్రంలో యంత్రం చేసిన భాగాన్ని మినహాయిస్తే తప్ప హక్కు నమోదు చేయబోమని 2023లో అమెరికా కాపీరైట్ కార్యాలయం తిరస్కరించింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఒక బొమ్మల కథా పుస్తకం విషయంలో కూడా, మాటలకూ కూర్పుకూ హక్కు ఉంటుందిగాని మిడ్‌జర్నీ చేసిన బొమ్మలకు ఉండదని తేల్చింది. మన దేశపు 1957 కాపీరైట్ చట్టంలో, కంప్యూటర్ ద్వారా పుట్టిన రచనకు దాన్ని పుట్టించిన వ్యక్తే కర్త అన్న మాట 1994 సవరణ ద్వారా చేరింది. కానీ అది రాసిననాటికి ఈ యంత్రాలు లేవు. కాబట్టి ప్రచురణకర్త పూర్తి ధర పెట్టి కొన్న బొమ్మలను రేపు మరొకడు ఎత్తుకుని తన పుస్తకంలో వేసుకుంటే, అడ్డుకునే హక్కు ఆయనకు గట్టిగా ఉంటుందో లేదో చెప్పలేం. వర్తకుల వాడుకలో ధర తగ్గించేది ఏదైనా సరుకులో లోపమేనని ధర్మశాస్త్రం నిర్వచిస్తుంది. లోపం దాచి అమ్మితే, తెలిసిన తర్వాత తిప్పి ఇచ్చే హక్కు కొన్నవాడికి ఉంటుంది.

నేనా బొమ్మలన్నీ చూశాను. అందంగానే ఉన్నాయి. ఒక చిత్రంలో మసీదు మిహ్రాబ్ చుట్టూ బంగారు రంగులో అరబీ లిపి ఉంది. చదవబోతే ఒక్క అక్షరం కుదరలేదు. అలిఫ్ లాంటి గీతలు, లామ్ లాంటి వంపులు, చుక్కలు. అర్థం మాత్రం లేదు. యంత్రానికి లిపి ఆకారం తెలుసు, లిపి తెలియదు. చదవలేని పసిపిల్లవాడు దాన్ని దైవవాక్కు అనుకుని గౌరవిస్తాడు. ఆ బొమ్మను ఎలాగూ తీసేయాలని చెప్పాను. ఇతను మదరసాలో చదివినవాడు కాదు, నాజిరా మాత్రం వచ్చు. అయినా అక్షరాలు కూడదీసుకుని చదివే ప్రయత్నం చేయలేదంటే, ఆ బొమ్మను అతను కూడా సరిగా చూడలేదనే కదా!

అన్ని పనులనూ ఒకే గాటన కట్టేయడం కూడా సరికాదు. కస్టమరుతో మాట్లాడేముందు నాలుగు ఊహలు కళ్ల ముందు పెట్టుకోవడానికి యంత్రాన్ని వాడుకుంటే అది కాగితం మీద గీతలు గీసుకోవడం లాంటిదే. ఫోటోకు పక్కన కాస్త ఆకాశం చాలకపోతే యంత్రంతో పెంచుకోవడం చిన్న విషయం. అమ్మే చిత్రమే యంత్రానిదైతే తప్పకుండా చెప్పాలి. కానీ బొమ్మ సాక్ష్యంగా నిలబడే చోట, చెప్పినా సరే, వాడకూడదని నా అభిప్రాయం. హోటల్ మెనూలో ఆ వంటింట్లో ఎప్పుడూ వండని బిర్యానీ బొమ్మ అలాంటిదే. అంతకన్నా ఘోరమైనది చందాల పోస్టరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగింది. నిజంగా మునిగిన ఇళ్లు, నిజంగా ఏడ్చిన పిల్లలు వేలల్లో ఉన్నారు. అలాంటి చోట కూడా యంత్రం పుట్టించిన కన్నీటి ముఖాన్ని పోస్టరుకెక్కిస్తే, దాత జాలి ఈ లోకంలో లేని ఒక పిల్లవాడి మీద ఖర్చవుతుంది.

ఇంతవరకూ కొనేవాడి హక్కు సంగతి. కనిపించని హక్కుదారులు మరికొందరున్నారు.

ఈ యంత్రాలు గీయడం ఎలా నేర్చుకున్నాయి? ఇంటర్నెట్‌లో ఉన్న బొమ్మలను, వాటి పక్కనున్న మాటలను జత చేసి కోట్లాదిగా చూపిస్తే నేర్చుకున్నాయి. 2022లో వెలువడిన లయాన్-5బి అనే జాబితాలో అలాంటి జతలు 585 కోట్లున్నాయి. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ అనే యంత్రం అందులోని భాగాల మీదే నేర్చుకుంది. ఆ బొమ్మలు వేసినవారిని ఎవరూ అడగలేదు. పోలెండ్ చిత్రకారుడు గ్రెగ్ రుట్‌కోవ్‌స్కీ పేరు రాసి 'ఇతని శైలిలో ఇవ్వు' అని వేలాదిమంది యంత్రాన్ని అడిగారు. చివరికి తన పేరుతో వెతికితే తాను వేయని బొమ్మలు ప్రత్యక్షమవుతున్నాయని ఆయన వాపోయాడు. యంత్రం ఇచ్చిన కొన్ని చిత్రాలలో గెట్టీ అనే ఫోటో సంస్థ వాటర్‌మార్క్ ముద్ర అలుక్కుపోయినట్టుగా తేలింది. గెట్టీ వేసిన దావాలో లండన్ కోర్టు 2025 నవంబరులో తీర్పు ఇస్తూ, యంత్రం తనలో ఆ ఫోటోల నకళ్లను నిలవ చేయదు గనుక యంత్రమే దొంగ నకలు కాదంది. ముద్ర విషయంలో మాత్రం కొద్దిమేరకు తప్పు పట్టింది. ఫోటోలను వాడి నేర్పించడం సబబేనా అన్న ఆరోపణను గెట్టీయే మధ్యలో వదులుకుంది, ఆ పని బ్రిటన్‌లో జరిగినట్టు రుజువు లేనందున. అంటే అసలు ప్రశ్నకు ఆ కోర్టు సమాధానమే ఇవ్వలేదు.

చూసి నేర్చుకోవడం దొంగతనమా అని కొందరు అడుగుతారు. మన ఖుష్‌నవీసులూ ఉస్తాదు రాతను చూసి చూసే నేర్చుకున్నారు. నిజమే. కానీ ఆ నేర్పులో ఒక అదబ్ ఉండేది. శిష్యుడు ఏళ్ల తరబడి ఉస్తాదు అక్షరాలను అనుకరిస్తాడు. ఇజాజత్ ఇచ్చేదాకా తన రాత కింద తన పేరు పెట్టడు. ఉర్దూ కితాబత్ కంప్యూటర్లోకి వెళ్లిన తీరు చూడండి. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ అనే కాతిబ్ నస్తాలీఖ్ లిపిలోని 20,000కు పైగా అక్షరాల కూర్పులను సిద్ధం చేసి, మోనోటైప్ కంపెనీతో కలిసి యంత్రానికి అందించారు. ఆ లిపికి తన తండ్రి పేరు మీదుగా నూరీ నస్తాలీఖ్ అని పేరొచ్చింది. 1994లో ఇన్‌పేజ్ రాగానే హైదరాబాద్ ఛత్తా బజారులో, ఉర్దూ పత్రికల కార్యాలయాల్లో కాతిబుల కలాలు మూలపడ్డాయి. ఆ బాధ చిన్నది కాదు. కానీ అక్కడ యంత్రానికి చెయ్యి అరువిచ్చిన మనిషి తెలిసే ఇచ్చాడు, అతని పేరు మిగిలింది.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. నేను చదివిన మదరసాలో కంప్యూటర్ మీద ఇన్‌పేజ్ దొంగ కాపీయే ఉండేది. దాని మీదే నేను అమానత్ గురించి నా మొదటి వ్యాసం టైపు చేశాను. ఆ వైరుధ్యం అప్పుడు నాకు తట్టనేలేదు. మేధోహక్కులు షరీఅత్ రక్షించే హక్కులేనని 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ తీర్మానించింది. పూర్వపు మన పెద్దలలో కొందరు దాన్ని హక్కుగా అంగీకరించలేదు గనుక మాకు ఒక సాకు ఉండేది. ఆ సాకునే ఇప్పుడు ఈ కంపెనీలు వాడుకుంటున్నట్టు అనిపిస్తుంది.

కాబట్టి ఈ రెండో విషయంలో మన మిత్రునికి కొంతమేరకే చెప్పగలిగాను. జీవించి ఉన్న ఏ చిత్రకారుని పేరూ యంత్రానికి రాసివ్వకు. హక్కుదారుల అనుమతితో నేర్పించామని చెప్పే పరికరాలు ఉన్నాయి. కాస్త ఖర్చయినా, వారి మాటను విచారించి, వాటిని ఎంచుకో. ఆ 585 కోట్ల జతల వెనకున్న మనుషుల హక్కు నీ బొమ్మలో ఎంత, అది ఎలా తీర్చాలి అంటే మాత్రం నా దగ్గర లెక్క లేదు. పెద్ద ఉలమాల ముందు ఈ ప్రశ్న పెట్టాను.

మొదటి విషయంలో సందేహం లేదు. ప్రచురణకర్త దగ్గరకు వెళ్లి జరిగింది చెప్పమన్నాను. ఉంచుకుంటాడో, తిప్పి ఇస్తాడో, ధర తగ్గిస్తాడో ఆయన ఇష్టం.

వెళ్లాడు. ఆయన చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత, "వీటిలో నువ్వు నీ చేత్తో వేసింది ఏదైనా ఉందా?" అని అడిగాడట. ముఖచిత్రం చూపించాడు. దానికి పూర్తి ధర ఉంచి, మిగిలిన వాటికి సగం వెనక్కి తీసుకున్నాడు. మిహ్రాబ్ బొమ్మ తీసేయించాడు. లోపలి బొమ్మలు యంత్ర సహాయంతో తయారైనవని మొదటి పేజీలో, పిల్లలకు కూడా తెలిసేలా, తెలుగులో ఒక వాక్యం వేయించాడు. తర్వాతి పుస్తకం పని గురించి మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదట.